ఒంటి మీద చెయ్యి

పాదు మీదే ఎండిపోయిన బీరకాయను తెంపి ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. తొక్క మీద బొటనవేలితో నొక్కితే చాలు, పెళుసుగా విరిగి ఊడి వస్తుంది. కొసన చిన్న మూతలాంటిది ఉంటుంది. అది తీసి బోర్లిస్తే నల్లటి గింజలు జలజలా రాలతాయి. చేతిలో మిగిలేది తేలికైన పీచు. విత్తనానికని వదిలేసిన కాయ అలా రెండు విధాల అక్కరకొచ్చేది. గింజలు వచ్చే ఏటి పాదుకు, పీచు ఒళ్ళు రుద్దుకోవడానికి.

ఆ పీచే ఇప్పుడు ప్లాస్టిక్ కవరులో సూపర్ మార్కెట్లకు వచ్చింది. దాని పక్కనే ఈమధ్య చెక్క పిడితో, గరుకు కుచ్చులతో ఒక బ్రష్షు కూడా కనిపిస్తోంది. స్నానానికి ముందు, ఒంటి మీద నీళ్ళు పడకముందే, పొడి చర్మం మీద రుద్దుకోవడానికి. అరికాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. పిక్కలు, తొడలు, పొట్ట, చేతులు, అన్నీ గుండె వైపుగా, మెల్లగా రుద్దుకుంటూ రావాలి. డ్రై బ్రషింగ్ అంటున్నారు. ఇలా చేస్తే లింఫ్ చక్కగా పారుతుందని, ఒంట్లోని మలినాలు వెళ్ళిపోతాయని దాన్ని వాడేవాళ్ళ నమ్మకం.

ఆ నమ్మకంలో ఎంత నిజముందో కాసేపట్లో చూద్దాం. ముందుగా నా మనసుకు పట్టింది మాత్రం వేరే. ఎక్కడో ఒక మనిషి పొద్దున్నే లేచి, హడావుడి మొదలవకముందే, తన పాదం నుంచి భుజం దాకా తన ఒంటిని తనే ఒకసారి నిమిరి చూసుకుంటున్నాడు. మోకాలి వెనక ఎలా ఉందో, మడమ ఎక్కడ పగిలిందో, మోచెయ్యి ఎంత గరుకెక్కిందో చేతికి తెలుస్తోంది. రోజూ మోసుకు తిరిగే ఒంటిని మనం అంత దగ్గరగా పలకరించి ఎన్నాళ్ళయింది?

లింఫ్‌ను బడి పుస్తకాల్లో శోషరసం అని చదువుకున్నాం. పరీక్ష రాసి మరిచిపోయాం. కానీ ఆ పేరు తెలియని ఇళ్ళలో కూడా ఆ సంగతి తెలుసు. పిల్లవాడు గజ్జల్లో నొప్పని ఏడుస్తూ వస్తే, తడిమి చూసి బిళ్ళ కట్టింది అనేవాళ్ళు. అనేసి, నొప్పి ఉన్నచోట కాకుండా కాలి వేళ్ళ కేసి చూసేవాళ్ళు. "ఏం తగిలించుకొచ్చావు రా?" అని అడిగేవాళ్ళు. అక్కడ నిజంగానే ఎదురురాయి దెబ్బో, తీయని ముల్లో, చీము పట్టిన గోరో ఉండేది. పుండుకు కట్టు కట్టి, బిళ్ళకు ఉప్పు మూటతో కాపడం పెట్టేవాళ్ళు.

కాలికీ గజ్జకూ మధ్య ఒక దారి ఉందని ఆ అమ్మమ్మలకు ఎవరు చెప్పారు? ఎన్ని కాళ్ళు కడిగి, ఎన్ని గజ్జలు తడిమితే ఆ తెలివిడి వచ్చిందో!

ఆ దారి నిజంగానే ఉంది. గుండె పంపిన రక్తంలోంచి కొంత ద్రవం సన్నటి నాళాల గోడలు దాటి కండరాల్లోకి, చర్మంలోకి ఊరుతుంది. చాలావరకు అది మళ్ళీ రక్తంలోకి వచ్చేస్తుంది. రాలేక మిగిలిపోయేది రోజుకు సుమారు మూడు లీటర్లు. దాన్ని పోగుచేసి తీసుకెళ్ళడానికి చర్మం కిందనుంచే వెంట్రుకల్లాంటి గొట్టాలు మొదలవుతాయి. అవి ఒకదాంట్లో ఒకటి కలుస్తూ, దారిలో గజ్జల్లోనూ చంకల్లోనూ మెడలోనూ ఉన్న గ్రంథుల్లో వడపోతకు ఆగుతూ, చివరికి మెడ కింద, ఎక్కువ భాగం ఎడమ పక్కన, పెద్ద సిరల్లో కలిసిపోతాయి. దెబ్బ తగిలిన కాలినుంచి వచ్చిన క్రిములను గజ్జ దగ్గరి గ్రంథి పట్టుకుని పోరాడుతుంటే అది ఉబ్బుతుంది. అదే మన బిళ్ళ.

గోదావరి డెల్టాలో ఉన్నవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. పంట కాలువ నీళ్ళు తెస్తుంది, మురుగు కాలువ మిగిలిన నీళ్ళు తీసుకుపోతుంది. కాలువకు గండి పడితే ఊరంతా పరిగెడతారు. మురుగు కాలువ పూడుకుపోతున్నా చేలు మునిగేదాకా ఎవరూ దాని ముఖం చూడరు. లింఫ్‌దీ ఇంచుమించు అదే బతుకు.

పైగా దానికి గుండెలాంటి పంపు లేదు. ఆ గొట్టాలే కాస్త కాస్తగా ముడుచుకుంటూ ముందుకు నెట్టుకుంటాయి. వెనక్కి పోకుండా లోపల చిన్న చిన్న కవాటాలుంటాయి. మిగతా సాయమంతా మన కదలికది. నడుస్తుంటే పిక్కలు పిండుతాయి, ఊపిరి తీస్తుంటే ఛాతీ లాగుతుంది. అందుకే హైదరాబాదులో బస్సెక్కి కదలకుండా కూర్చుని శ్రీకాకుళంలో దిగితే చెప్పులు బిగుసుకుంటాయి. కాళ్ళకు నీరు దిగింది అంటాం. ఊళ్ళో అటూ ఇటూ తిరిగేసరికి అది సర్దుకుంటుంది.

ఈ దారుల్ని మనిషి చూసింది కూడా ఆలస్యంగానే. 1622లో ఇటలీలో గాస్పరో అసెల్లి అనే వైద్యుడు, బాగా తిని ఉన్న కుక్క కడుపు కోసి చూస్తే పేగుల దగ్గర తెల్లటి దారాలు కనిపించాయి. నరాలేమో అనుకుని ఒకదాన్ని కోశాడట. పాలలాంటి ద్రవం వచ్చింది. ఆ తర్వాత 1650ల్లో స్వీడన్‌లో రుడ్‌బెక్, డెన్మార్క్‌లో బార్తొలిన్ ఒంట్లో మిగతాచోట్ల కూడా ఈ నాళాలున్నాయని చూపించారు. మెదడు పొరల్లో ఉన్నవాటిని రుజువులతో వర్ణించింది ఇంకా నిన్నగాక మొన్న, 2015లో. అంత సన్నగా, అంత నిశ్శబ్దంగా ఉంటాయవి.

మరి పొడి బ్రష్షు వాటికి నిజంగా సాయపడుతుందా? చర్మం కిందనే ఉన్న గొట్టాలు కాబట్టి చర్మాన్ని మెత్తగా సాగదీస్తే వాటిలోని ద్రవం కదులుతుందన్నది నిజమే. ఎమిల్ వోడర్ అనే డెన్మార్క్ దేశస్థుడు భార్యతో కలిసి ఫ్రాన్స్‌లో పనిచేస్తూ, చేతి వేళ్ళతో అలా లింఫ్‌ను నడిపించే పద్ధతి ఒకటి కట్టుదిట్టంగా తయారుచేసి 1936లో పారిస్‌లో చూపించాడు. ఈనాటికీ వాపులున్నవాళ్ళకు శిక్షణ పొందిన చికిత్సకులు ఆ దారిలోనే వైద్యం చేస్తారు. అందులో ఒత్తిడి చాలా తక్కువ. పసిపిల్ల బుగ్గ నిమిరినంత.

బ్రష్షు సంగతి అంత గట్టిగా చెప్పలేం. ఆరోగ్యంగా ఉన్న మనిషి లింఫ్‌ను అది శుభ్రం చేస్తుందనడానికి బలమైన ఆధారాలు లేవు. ఒంట్లోని మలినాల పని చూసుకోవడానికి కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్ళు మేలుకునే ఉన్నాయి. బ్రష్షు చేసేది, మృతచర్మం రాలగొట్టడం, చర్మానికి కాస్త రక్తం తేవడం, ఒంటికి మెలకువ తేవడం. ఇవి చిన్న విషయాలేం కావు. చలికాలం పొద్దున పొడి తువ్వాలుతో వీపు రుద్దుకున్నవాళ్ళెవరైనా ఆ వెచ్చదనం ఎలాంటిదో చెప్తారు. జపాన్‌లో పొడిబట్టతో ఒళ్ళు రుద్దుకోవడం ఒక అలవాటు. బడిపిల్లలు కూడా శీతాకాలం చొక్కాలు విప్పి వరసగా నిలబడి రుద్దుకునేవారు.

మన ఆయుర్వేదంలో ఇలాంటిదానికి ఉద్వర్తనం అని పేరు. అష్టాంగహృదయం దాన్ని దినచర్యలోనే చేర్చింది. పొడి చూర్ణాలతో ఒళ్ళు రుద్దితే కఫం, కొవ్వు తగ్గుతాయని, అవయవాలు గట్టిపడి చర్మం తేటపడుతుందని చెప్పింది. నూలు, పట్టు చేతితొడుగులతో పొడిగా రుద్దడమూ ఉంది. ఇదంతా వైద్యుల మాట. ఇంట్లో మన ఆడవాళ్ళకు అది నలుగు.

బాలింత ఉన్న ఇంట్లో పొద్దున కాగు కింద మంట వేసేవాళ్ళు. నీళ్ళు పోసే ఆవిడ వచ్చి, చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకునేది. ఆ రెండు పిక్కల మధ్య పల్లంలో బిడ్డను పడుకోబెట్టేది. బిడ్డకు దానికంటే మంచి తొట్టి ఉండదు. మాడుకు ఆముదం అద్ది, ఒంటికి నువ్వులనూనె పట్టించి, సున్నిపిండి తడిపి మెడ మడతల్లో, చంకల్లో, తొడల ముడతల్లో రుద్దేది. కుడి చేతిని ఎడమ కాలికి, ఎడమ చేతిని కుడి కాలికి తెచ్చి కలిపేది. బిడ్డ ఊరంతా వినిపించేలా ఏడ్చేది. చివరి చెంబు నీళ్ళు బిడ్డ చుట్టూ తిప్పి, శ్రీరామరక్ష అని పారబోసేసరికి ఆ ఏడుపు సన్నగిల్లేది. సాంబ్రాణి పొగ చూపించి పొత్తిళ్ళలో చుడితే మళ్ళీ మధ్యాహ్నం దాకా లేచేది కాదు.

సున్నిపిండి ఒక్కో ఇంటిది ఒక్కో వాసన. పెసలు, శనగపప్పు, బావంచాలు, కచ్చూరాలు, కొమ్ము పసుపు, ఎండిన గులాబీ రేకులు, కొందరిళ్ళలో వట్టివేళ్ళు, కమలాతొక్కలు. ఎండబెట్టి మరకు పంపితే ఆ పిండి పట్టిన మరలో తర్వాత గోధుమలు పట్టించుకున్నవాళ్ళకు కూడా ఆ వాసన కాస్త చేరేది. అమెరికాలో కూతురి కాన్పుకు వెళ్తున్న తల్లి సూటుకేసులో ఆవకాయ పక్కన సున్నిపిండి డబ్బా ఈరోజుకీ ఉంటుంది.

పసిపిల్లల చర్మం చాలా పలచన, పిండితో గట్టిగా రుద్దకండి, ముక్కులో చెవుల్లో నూనె పోయకండి అని పిల్లల డాక్టర్లు ఇప్పుడు చెప్తున్నారు. మంచి మాట, వినాలి. మెత్తగా నూనె రాయడానికి వాళ్ళకూ అభ్యంతరం లేదు. పిండి తగ్గినా చెయ్యి తగ్గకపోతే బిడ్డకు లోటేమీ రాదు.

కాస్త ఊహ తెలిశాక మన ఒంటి మీద ఇంకొకరి చెయ్యి పడటం పండగలకే. భోగినాడు, నరక చతుర్దశినాడు తెల్లవారకముందే లేపి, నిద్రకళ్ళతో పీట మీద కూర్చోబెట్టి, నూనె పెట్టి ఒళ్ళు రుద్దేవాళ్ళు. కుంకుడు రసం కళ్ళలో పడిందని గోల పెట్టేవాళ్ళం. ఆ తర్వాత మన స్నానం మనదే అయిపోయింది. తలుపు గడియ పడింది. మళ్ళీ పెళ్ళికొడుకును చేసే రోజునో, పెళ్ళికూతుర్ని చేసే రోజునో ముత్తైదువులంతా చేరి నలుగు పెడతారు. మోచేతులకు, పాదాలకు, బుగ్గలకు పసుపు పిండి. అందరూ నవ్వుతుంటారు. ఆ ఒక్కరోజు దాటాక, చాలామంది వీపు మీద ప్రేమగా ఒక చెయ్యి పడటానికి దశాబ్దాలు పడుతుంది. కొందరికి పడనే పడదు.

పిల్లలతో కాళ్ళు తొక్కించుకునే తాతలుండేవాళ్ళు. మంచం మీద బోర్లా పడుకుని, "ఎక్కి తొక్కరా" అనేవాళ్ళు. గోడ పట్టుకుని, పడిపోతామేమో అని భయపడుతూ పిక్కల మీద అడుగులు వేసేవాళ్ళం. తాత హాయిగా మూలిగేవాడు. పొలంలో పొద్దంతా నిలబడిన కాళ్ళలో ఆగిపోయిన రక్తానికీ లింఫ్‌కూ ఆ చిన్న పాదాలు కాస్తయినా దారి ఇచ్చే ఉంటాయని నాకిప్పుడు అనిపిస్తుంది.

లింఫ్ దారి మూసుకుపోవడమంటే ఏమిటో మన కోస్తా ఊళ్ళకు బాగా తెలుసు. బోదకాలు. మురుగునీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు చేరే దారపుపోగులాంటి పురుగులు ఏళ్ళ తరబడి లింఫ్ నాళాల్లోనే కాపురం పెడతాయి. కవాటాలు పాడవుతాయి. నీరు కాలిలోనే నిలిచిపోతుంది. చర్మం మందమై, గరుకై, ముడతలు పడుతుంది. అలాంటి కాలున్న మనిషి చెప్పులు చూడండి. ఒకటి మామూలుది. రెండోదాని పట్టీ కోసి, ఇంకో ముక్క కలిపి కుట్టించుకున్నది. నడివేసవిలో కూడా పంచె మడమల దాకా దించుకుని, పెళ్ళిలో వెనక వరసలో కూర్చునే మనిషి ఆయన.

ఆ జబ్బుకు ఈరోజుకీ ఇస్తున్న డీఈసీ మాత్ర వెనక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు, ఆయన నడిపిన బృందం 1947లో ఆ మందును లోకానికి అందించింది. ఆ మరుసటి ఏడే ఆయన కన్నుమూశాడు. అమెరికా వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. చిన్నప్పుడు ఆ గోదావరి జిల్లా వీధుల్లో ఆయన అలాంటి కాళ్ళు చూసి ఉండడా అని, ఆ మాత్ర పేరు విన్నప్పుడల్లా నాకు తోస్తుంది.

మాత్ర పురుగుల సంగతి చూస్తుంది. ఒకసారి వాచి ముదిరిన కాలికి మాత్రం కావలసింది చెయ్యి. ఆరోగ్య కార్యకర్తలు రోగులకు ఒక తొట్టి, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూత మందు ఇచ్చి నేర్పేది ఇదే. రోజూ కాలిని మామూలు నీళ్ళతో, సబ్బు నురగతో మెల్లగా కడగాలి. ముడతలు విప్పి కడగాలి. తుడిచేటప్పుడు రుద్దకూడదు, అద్దాలి. వేళ్ళ సందుల్లో తడి ఉండకూడదు. పగుళ్ళుంటే మందు రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి, చీలమండ ఆడిస్తుండాలి. అంతే.

చూడటానికి ఇంత చిన్న పని. కానీ బోదకాలు మనిషిని మాటిమాటికీ మంచాన పడేసే చలిజ్వరం వేళ్ళ సందుల్లోని పగుళ్ళగుండా దూరిన క్రిముల వల్లే వస్తుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు మరికాస్త పెరుగుతుంది. రోజూ కడిగి, తుడిచి, చూసుకునే కాలికి ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి. కొందరికి వాపూ తగ్గుతుంది. చర్మాన్ని చూసుకుంటే లింఫ్‌కు మేలు అన్న మాట అక్షరాలా నిజమయ్యేది ఇక్కడ. బ్రష్షు అక్కడ అస్సలు పనికిరాదు, చిన్న గీత పడినా క్రిములకు తలుపు తీసినట్టే.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి చంకలో గ్రంథులు తీసేసినవాళ్ళలో కొందరికి ఆ పక్క చెయ్యి వాస్తుంది. గాజులు ఎక్కవు, జాకెట్టు చెయ్యి పట్టదు. వాళ్ళకూ ఇదే జాగ్రత్త. చర్మం పగలకుండా చూసుకోవడం, చెప్పిన వ్యాయామం, బిగుతు తొడుగు, నేర్చుకున్నవాళ్ళ చేత మర్దన. చికిత్స అయిపోయిందని ఇల్లంతా ఊపిరి పీల్చుకున్నాక, ఆ చేతితో ఆవిడ ఒక్కతే మిగులుతుంది. బీరువా తెరిచి పాత జాకెట్లు ఒక్కొక్కటే పక్కన పెడుతున్నప్పుడు ఇంట్లోవాళ్ళు ఎవరైనా దగ్గర కూర్చుంటే బాగుంటుంది.

అందుకే ఆ చెక్క పిడి బ్రష్షు కొనుక్కుని మురిసిపోతున్న పిల్లలను చూస్తే నాకు వద్దని చెప్పాలనిపించదు. మెత్తగా రుద్దుకోండి, పుండ్లూ దద్దుర్లూ ఉన్నచోట వదిలేయండి, తర్వాత కాస్త కొబ్బరినూనె రాసుకోండి. కాలు ఒక్కటే వాచినా, నొప్పి పెట్టినా, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉన్నా రుద్దుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి. రోజూ ఒంటిని తడిమేవాళ్ళకే ఆ గుంట ముందుగా తెలుస్తుంది. కొత్తగా వచ్చిన గడ్డ, మానని పుండు, రంగు మారిన మచ్చ కూడా వాళ్ళకే ముందు తెలుస్తాయి.

ఇక పెద్దవాళ్ళ చర్మం. డెబ్బై దాటాక అది ఉల్లిపొర అవుతుంది. గాజు తగిలినా కమిలిపోతుంది. బ్రష్షు దగ్గరికి రానివ్వకూడదు. కానీ చెయ్యి కోసం ఎదురుచూసేది కూడా ఆ చర్మమే. వంగి తన పాదాలు తాను అందుకోలేని వయసు. గోళ్ళు గట్టిపడి వంకర తిరుగుతాయి, మడమలు పగులుతాయి, వేళ్ళ సందులు పాచిపోతాయి. ఫోన్లో అడిగితే బాగానే ఉన్నాను అంటారు. పాదాల సంగతి ఫోన్లో చెప్పేది కాదు కదా.

సెలవులకు వెళ్ళినప్పుడు గోరువెచ్చని నీళ్ళ తొట్టి ఒకటి తెచ్చి ముందు పెట్టండి. మొదట వద్దంటారు, కాళ్ళు వెనక్కి లాక్కుంటారు, నీకెందుకమ్మా ఆ పని అంటారు. నానిన గోళ్ళు తీసి, వేళ్ళ సందులు ఒక్కొక్కటే తుడిచి, అరచేతిలో నూనె వేసుకుని పాదం నుంచి మోకాలి వైపుగా రాయడం మొదలుపెడితే, రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని ఊరుకుంటారు. ఆ తర్వాత మాటలు మొదలవుతాయి. ఎవరి పెళ్ళికి ఎడ్లబండిలో వెళ్ళారో, ఏ వానలో ఏ గట్టు తెగిందో, ఈ కాలి మీది మచ్చ ఎప్పటిదో, ఆ మచ్చకు కారణమైన గేదె ఎంత పాలిచ్చేదో. ఎన్నేళ్ళుగా పక్కనే ఉన్నా వినని సంగతులు. కథ సగంలో ఉండగానే రెండో కాలు కూడా అయిపోతుంది. "మోకాళ్ళకు కూడా కాస్త రాయి" అంటారు.